చెస్ గేమ్ అవగానే ఇంజిన్ తెరవకండి: మీ ఆలోచనల్ని ఎత్తు ఎత్తుకీ రాసుకోవడం ఇలా

టోర్నమెంట్ హాల్ బయట ఒకసారి నిలబడి చూడండి. గేమ్ ముగించుకుని వచ్చినవాడు చెప్పులు సరిగ్గా తొడుక్కోకముందే ఫోన్ తీస్తాడు, ఎత్తులన్నీ గబగబా ఎక్కిస్తాడు, ఇంజిన్ (ఎత్తుల్లో తప్పొప్పులు చూపించే ప్రోగ్రాం) ఆన్ చేస్తాడు. ఎర్ర గుర్తు కనబడిన చోట "ఛ, ఇది చూడలేదే" అంటాడు. అంతే, విశ్లేషణ అయిపోయింది. నేనూ ఏళ్ల తరబడి ఇదే చేశాను. టీ తాగి లోపలికి వెళ్లి తర్వాతి రౌండ్‌లో మళ్లీ అదే తప్పు, కాకపోతే వేరే గడిలో.

ఇంజిన్ మీద నాకేం కోపం లేదు. కానీ అది చూసేది మీ ఎత్తుని, మీ బుర్రని కాదు. తప్పుడు ఆలోచనతో మంచి ఎత్తు వేసినా అది పచ్చగుర్తే ఇస్తుంది. పరీక్షలో లెక్క తప్పు చేసి జవాబు మాత్రం కరెక్టుగా రాసిన పిల్లాడికి ఫుల్ మార్కులు వేసినట్టు. ఆ పిల్లాడు తర్వాతి పరీక్షలో ఏమవుతాడో మనకి తెలుసు. అలాంటి ఎత్తు ఒకటి నా గేమ్‌లోనే దొరికింది, దాన్ని చూపిస్తూనే ఈ పద్ధతి మొత్తం చెప్తాను.

ముందు గేమ్ సంగతి. విజయవాడలో ఒక వారాంతపు టోర్నమెంట్, 90 నిమిషాలు, ఎత్తుకి 30 సెకన్ల ఇంక్రిమెంట్, అంటే ప్రతి ఎత్తుకీ క్లాక్‌లో అంత సమయం కలుస్తుంది. నాలుగో రౌండ్. నాకు తెల్లవి. ఎదురుగా పదకొండేళ్ల కుర్రాడు, కుర్చీలో కూర్చుంటే కాళ్లు నేలకి ఆనడం లేదు, వాటిని ఊపుతూనే ఉన్నాడు. నాకు నలభై దాటాయి, రేటింగ్ 1600 దగ్గర ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఇలాంటి పిల్లలతో పెయిరింగ్ పడితే నాలాంటి అంకుళ్లకి బోర్డు దగ్గరికి వెళ్లకముందే టెన్షన్ మొదలవుతుంది. వాళ్లకి పోయేదేమీ ఉండదు మరి.

పేర్ల గురించి ఒక మాట. మా తాతయ్య మూలన ఉన్నదాన్ని ఏనుగు అనేవాడు, దాని పక్కది గుర్రం, ఆ పక్కది శకటు. పక్క వీధికి వెళ్తే వేరే పేర్లు. గొడవ లేకుండా హాల్లో అందరూ అనే రూక్, నైట్, బిషప్, క్వీన్ అనే రాస్తున్నాను. రాజు, బంటు మాత్రం మనవే ఉంచుకుందాం. ఇ4 లాంటి గడి పేర్లలో అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస.

బోర్డు దగ్గర ఏం రాయొచ్చు

ఆలోచనలు రాయాలని ఉంది కదా అని గేమ్ నడుస్తుండగా స్కోర్‌షీట్ మీద రాయకూడదు. ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) నియమాల ప్రకారం దాని మీద రాయగలిగేవి ఎత్తులు, క్లాక్ మీది సమయం, డ్రా అడిగిన సంగతి, క్లెయిమ్‌లకి సంబంధించిన విషయాలు, ఆ కోవలోని వివరాలు, అంతే. "ఇక్కడ నైట్ జాగ్రత్త" అని రాస్తే ఆర్బిటర్ (రిఫరీ) వచ్చి అడుగుతాడు. డ్రా క్లెయిమ్ చేసేటప్పుడు తప్ప, ఎత్తు వేయకముందే రాసుకోవడం కూడా కుదరదు. ముందు ఆడాలి, తర్వాత రాయాలి. నా చిన్నప్పుడు ముందు రాసి, ఇంకోసారి చూసుకుని, అప్పుడు ఆడమని నేర్పేవాళ్లు, ఆ అలవాటు ఇంకా ఉన్నవాళ్లు మానుకోవాలి.

కాబట్టి మీకు చట్టబద్ధంగా మిగిలిన ఆయుధం క్లాక్ సమయం. ప్రతి ఎత్తు పక్కనా మీ క్లాక్‌లో ఎంత మిగిలిందో చిన్న అంకెల్లో రాయండి. ఓపెనింగ్‌లో ఐదు ఎత్తులకోసారి చాలు, ఆట చిక్కబడ్డాక మాత్రం ప్రతి ఎత్తుకీ రాయాలి. రెండు సెకన్ల పని. సాయంత్రం ఇంట్లో కూర్చున్నప్పుడు మీ జ్ఞాపకం అబద్ధం ఆడుతుంది, ఆ అంకె ఆడదు. "అక్కడ చాలాసేపు ఆలోచించాను" అని మీరు ప్రమాణం చేసి చెప్పే చోట ఐదు సెకన్లే వాడారని అది చూపిస్తుంది. నాకు సరిగ్గా అలాగే జరిగింది.

డ్రా అడిగితే బ్రాకెట్లో సమానం గుర్తు వేయాలి, ఎవరు అడిగినా సరే. ఇదీ తర్వాత పనికొస్తుంది, ఎందుకంటే డ్రా అడగడం వెనక ఆలోచన కంటే భయమే ఎక్కువసార్లు ఉంటుంది.

గేమ్ అయ్యాక పది నిమిషాలు

చేతులు కలిపాక లేచి పారిపోకండి. ఎదుటివాణ్ణి బయటికి పిలిచి, వాళ్లమ్మ టిఫిన్ డబ్బా తెరిచేలోపు రెండే ప్రశ్నలు అడగండి: నీకు ఎక్కడ భయమేసింది, నేను ఏం ఆడతానని అనుకున్నావు. ఏ ఎత్తు బెస్ట్ అని అడిగితే వాదన మొదలవుతుంది, ఆ వాదనకి ఇంట్లో ఇంజిన్ ఉంది. ఎదుటివాడు ఏమనుకున్నాడో మాత్రం ఏ ఇంజిన్లోనూ ఉండదు, ఆ పది నిమిషాలు దాటితే వాడికే గుర్తుండదు. ఓడిపోయినప్పుడు ఈ పని చేయబుద్ధి కాదు, నాకు తెలుసు. కనీసం ఒక ప్రశ్న అడిగి వెళ్లండి.

ఆ సాయంత్రం, రెండు రంగుల పెన్నులు

అదే రోజు రాయాలి. మర్నాటికి మీరు అనుకున్నదీ, అనుకుని ఉండాల్సిందీ కలిసిపోతాయి, విడదీయడం ఎవరి తరమూ కాదు. నేను రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ వాడతాను. పేజీ మధ్యలో గీత. ఎడమవైపు నీలం ఇంకుతో "అప్పుడు", కుడివైపు ఎర్ర ఇంకుతో "ఇప్పుడు". నీలం వైపు బోర్డు ముందు బుర్రలో నడిచింది మాత్రమే రావాలి, ఎంత తెలివితక్కువగా ఉన్నా సరే. అక్కడ మీరు చూడని వేరియేషన్ (ఎత్తుల వరుస) ఒక్కటి రాసినా మొత్తం పాడైనట్టే. "క్వీన్‌సైడ్ మీద ఒత్తిడి పెంచుతూ" లాంటి పత్రికల భాష కూడా వద్దు. నిజంగా మీ బుర్రలో ఆ మాటలు తిరిగాయా? నా బుర్రలో ఎక్కువగా తిరిగేవి "అయ్యో", "వీడేంటి ఇలా ఆడాడు", "పర్లేదులే".

ఫోన్‌లో రాసుకునేవాళ్లకి లీచెస్ అనే చెస్ సైట్‌లో స్టడీ అనే సదుపాయం ఉంది, ప్రతి ఎత్తు కిందా కామెంట్ రాసుకోవచ్చు, ప్రైవేటుగా పెట్టుకోవచ్చు, ఉచితం. కానీ ఇంజిన్ మీట పక్కనే ఉంటుంది. పులిహోర గిన్నె పక్కన పెట్టుకుని ఉపవాసం లాంటిది. మొదటి నాలుగైదు గేమ్‌లు కాగితం మీదే రాయమంటాను.

అన్ని ఎత్తులకీ సమానంగా రాయక్కర్లేదు. తెలిసిన ఓపెనింగ్‌కి ఒక లైను. నా గేమ్‌లో మొదటి పదకొండు ఎత్తులకి నీలం వైపు ఉన్నది ఇంతే:

"కారో-కాన్. ఇ4 సి6, డి4 డి5, బంట్లు మార్చుకున్నాం. బిషప్ డి3, సి3, బిషప్ ఎఫ్4 అలవాటుగా. వాడు బిషప్ జి4కి రాగానే క్వీన్ బి3, వాడు క్వీన్ డి7. ఎఫ్3లో నా నైట్‌ని కొట్టాడు, ఇంకో నైట్‌తో తీసుకున్నా. డి6 దగ్గర బిషప్‌లు పోయాయి, వాడి క్వీన్ డి6లో. అంతా తెలిసిందే, వాడికీ తెలిసినట్టుంది, కాళ్లు ఊపడం ఆపలేదు."

ఇక ఆగాల్సిన చోట ఆగాలి. ఎక్కడ ఆగాలో క్లాకే చెప్తుంది. 12వ ఎత్తు ముందు నాకు గంటా 21 నిమిషాలు ఉన్నాయి, తర్వాత గంటా 3 నిమిషాలు. పద్దెనిమిది నిమిషాలు ఒక్క ఎత్తు మీద పోశాను. ఇలాంటి చోట ఒక పేరా కాదు, పేజీ రాయండి.

పొజిషన్ చెప్తాను, బోర్డు ఉంటే పెట్టుకోండి. తెలుపు: రాజు ఇ1, క్వీన్ బి3, రూక్‌లు ఎ1, హెచ్1, బిషప్ డి3, నైట్ ఎఫ్3, బంట్లు ఎ2, బి2, సి3, డి4, ఎఫ్2, జి2, హెచ్2. నలుపు: రాజు ఇ8, క్వీన్ డి6, రూక్‌లు ఎ8, హెచ్8, నైట్‌లు సి6, ఎఫ్6, బంట్లు ఎ7, బి7, డి5, ఇ6, ఎఫ్7, జి7, హెచ్7. నా ఎత్తు. బి7 బంటు ఊరికే ఉంది, క్వీన్‌తో తినేయొచ్చు.

నీలం: "తింటే రూక్ బి8. క్వీన్ ఎ6. రూక్ బి2 కొడుతుంది. బంటుకి బంటు, పైగా వాడి రూక్ నా రెండో వరుసలోకి. వాడు కావాలనే వదిలాడు. ఎర. మళ్లీ చూశా, మళ్లీ రూక్ బి2 దగ్గరే ఆగా. వాడి మొహం చూశా. వాడు పక్క బోర్డు చూస్తున్నాడు. కాస్లింగ్ చేసేద్దాం, సేఫ్."

చూడండి, పద్దెనిమిది నిమిషాల్లో నేను మూడు ఎత్తుల లైను ఒక్కటే, అదీ ఐదారుసార్లు చూశాను. కొత్తగా ఏమీ చూడలేదు. ఇంట్లో బోర్డు మీద, ఇంకా ఇంజిన్ పెట్టకుండానే, రూక్ బి2ని కొట్టిన పొజిషన్ పెట్టి "సరే, ఇప్పుడు నా వంతు కదా" అనుకున్నాను. బిషప్ బి5! సి6 నైట్ రాజుకి పిన్ అయిపోయింది (కదిలితే రాజుకి చెక్), దాని మీద నా క్వీన్, బిషప్ రెండూ పడ్డాయి, కాపలా వాడి క్వీన్ ఒక్కటే. వాడు రూక్‌తో బిషప్‌ని కొట్టుకోవడం తప్ప మంచి దారి లేదు, నా క్వీన్ ఆ రూక్‌ని తినేస్తుంది. అంటే వాడి రూక్‌కి బదులు నా బిషప్. వాడు బి2ని కొట్టలేడన్నమాట. నాకు భయం పుట్టించిన ఎత్తు వాడికే ప్రమాదం.

ఎర్ర ఇంకుతో నేను "14. బిషప్ బి5 చూడలేదు" అని రాసి ఊరుకోలేదు. అది ఈ గేమ్‌కి మాత్రమే పనికొచ్చే మాట. "ఎదుటివాడు కొట్టుకున్న చోట లెక్క ఆపేశాను, ఆ తర్వాత నా ఎత్తు ఉందని మర్చిపోయాను" అని రాశాను. పాత పేజీలు తిరగేస్తే ఇదే వాక్యం వేరే మాటల్లో ఇంకో మూడు చోట్ల ఉంది. కుర్రాడు బయట ఏమన్నాడో తెలుసా? "బి7 నేను చూసుకోలేదు అంకుల్, మీరు ఆలోచిస్తుంటే అప్పుడు చూశా." నేను ఎర అనుకున్నది మరుపు.

మధ్యభాగం త్వరగా దాటేస్తాను, ఎందుకంటే నా నోట్సులోనూ అక్కడ సరుకు లేదు. 31వ ఎత్తు పక్కన సమానం గుర్తు ఉంది. ఎత్తు వేసి, "డ్రా?" అని అడిగి, క్లాక్ నొక్కాను. వాడు తలెత్తకుండా "ఆడదాం అంకుల్" అన్నాడు. నీలం వైపు నిజాయితీగా రాసుకున్నది: "పొజిషన్ చూసి అడగలేదు. అలసిపోయి అడిగా. వాడు వద్దనేసరికి వాడికేదో కనబడిందనుకున్నా." 38లో ఒక బంటు పోయింది. ఆ ఏడు ఎత్తుల మధ్య నీలం వైపు ఆట గురించి ఒక్క ముక్క లేదు, వాడు డ్రా ఎందుకు ఒప్పుకోలేదన్న ఆలోచనే. ఇంజిన్ పెడితే 38వ ఎత్తు తప్పు అని చెప్తుంది. అసలు తప్పు 31లో, బోర్డు బయట జరిగింది. మీ నోట్సులో ఇలా ఖాళీ పేజీ కనబడితే దాన్ని నింపాలని చూడకండి, ఖాళీగా ఎందుకుందో రాయండి.

అసలు చోటు

51 ఎత్తులయ్యేసరికి బోర్డు దాదాపు ఖాళీ. నాకు రాజు ఇ2, రూక్ సి1. వాడికి రాజు డి6, రూక్ సి5, బంటు ఇ5. వాడు అప్పుడే రూక్‌ని సి5కి తెచ్చి నా రూక్‌కి ఎదురు పెట్టాడు, మార్చుకుందామా అని. చుట్టూ బోర్డులన్నీ ఖాళీ అయిపోయాయి, నలుగురైదుగురు పిల్లలు వచ్చి మా బల్ల చుట్టూ నిలబడ్డారు. నాకు 7 నిమిషాల 40 సెకన్లు.

నీలం, 52వ ఎత్తు: "మార్చుకుంటే రాజు, రాజు, ఒక బంటు. నా రాజు బంటుకి ఎదురుగా ఉంది కాబట్టి డ్రా. మార్చుకోకపోతే రూక్‌ని ఎ1కి తీసి మూడో వరుసలో కూర్చోబెట్టి కాపాడుకోవచ్చు, ఫిలిడోర్ పద్ధతి, తెలుసు. కానీ ముప్పై ఎత్తులు లాగుతాడు. నా వల్ల కాదు. మార్చేద్దాం." నాలుగు నిమిషాలు పట్టింది. రూక్ సి5 కొట్టింది, వాడి రాజు దాన్ని కొట్టింది.

53లో రాజు ఇ3. వాడు రాజు డి5. నాకు 4:05 ఉంది.

54వ ఎత్తు. నా రాజు ఇ3, వాడి రాజు డి5, బంటు ఇ5, నా వంతు. నీలం వైపు ఉన్నది నాలుగే మాటలు: "దగ్గరగా ఉందాం, రాజు డి3." ఎత్తు వేశాక క్లాక్ 4:30. ముప్పై సెకన్లు కలిశాయి కాబట్టి వాడింది ఐదు సెకన్లు.

వాడు బంటుని ఇ4కి తోశాడు, చెక్. 55 రాజు ఇ3, వాడు రాజు ఇ5. 56 రాజు ఇ2, రాజు డి4. 57 రాజు డి2, బంటు ఇ3 చెక్. 58 రాజు ఇ2, వాడు రాజు ఇ4.

ఇప్పుడు 59. నా రాజు ఇ2, వాడి బంటు ఇ3, దాని వెనక రాజు ఇ4. నేను వెనక్కి వెళ్లాల్సిందే, మూడు గడులు: డి1, ఇ1, ఎఫ్1. క్లాక్ 5:20.

నీలం: "ఇదే ఆ పొజిషన్. తిన్నగా వెనక్కి అని తెలుసు. తెలుసా? డి1కి వెళ్తే రాజు డి3, ఇ1, బంటు ఇ2, నేను ఎఫ్2కి పోవాలి, వాడు డి2, అయిపోయింది. ఎఫ్1కి వెళ్తే అటువైపు అదే. ఇ1కి వెళ్తే వాడు డి3, నేను డి1, బంటు ఇ2 చెక్, నేను ఇ1, వాడు రాజు ఇ3 వస్తే స్టేల్‌మేట్. సరే. ఇంకోసారి. చెయ్యి చెమట పట్టింది, రాజుని ముట్టుకుంటే జారి డి1లో పడుతుందేమో. ప్యాంటుకి తుడుచుకున్నా. ఇంకోసారి చూశా. ఇ1." క్లాక్ 1:35. నాలుగు నిమిషాల పైన పోయింది.

వాడు డి3, నేను డి1, బంటు ఇ2 చెక్, నేను ఇ1. వాడు కాళ్లు ఊపడం మొదటిసారి ఆపాడు. బంటుని వదిలేసుకోవాలా, రాజు ఇ3కి తెచ్చి స్టేల్‌మేట్ (నాకు వేయడానికి ఎత్తే లేకుండా) చేయాలా, రెండూ డ్రాయే. రాజు ఇ3కి తెచ్చి, ముసిముసిగా నవ్వి, చెయ్యి చాపాడు.

బయటికొచ్చాక నేను 59 గురించి గొప్పగా చెప్పబోతుంటే వాడు అన్నాడు: "అది అందరికీ తెలుసు అంకుల్. 54లో మీరు వెనక్కి వెళ్తారనుకున్నా."

54? అక్కడేముంది?

ఇంటికొచ్చి బోర్డు మీద పెట్టాను. నా రాజుకి ఆ ఎత్తులో ఐదు గడులు ఉన్నాయి: డి3, డి2, ఇ2, ఎఫ్2, ఎఫ్3. ఇ2కి వెళ్తే వాడి రాజు ఇ4లోకి, నాకెదురుగా, నా వంతుతో. నేను డి2 అంటే వాడు ఎఫ్3, నేను ఎఫ్2 అంటే వాడు డి3, ఎటైనా బంటుకి దారి ఇచ్చేయాల్సిందే. డి2కి వెళ్తే వాడు డి4, నేను ఇ2, వాడు ఇ4, మళ్లీ అదే. ఎఫ్3కి గానీ ఎఫ్2కి గానీ వెళ్తే వాడు రాజు డి4, నేను ఇ2కి వస్తే వాడు ఇ4, రాకపోతే డి3లోకి దూరతాడు. ఐదిట్లో నాలుగు ఓటమి. డి3 ఒక్కటే డ్రా, ఎందుకంటే అక్కడ రాజులు ఎదురెదురుగా ఉండి వంతు వాడిది అవుతుంది, అపోజిషన్ నాది.

నేను ఐదు సెకన్లలో, "దగ్గరగా ఉందాం" అనే మాట మీద ఆ ఎత్తు వేశాను.

తర్వాత ఇంజిన్ పెడితే 52 నుంచి చివరిదాకా అన్నీ సున్నా, అంటే సమానం. ఒక్క ఎర్ర గుర్తు లేదు. నీలం నోట్సు లేకపోతే నేను ఈ ఎండింగ్ బాగా ఆడానని జీవితాంతం నమ్మేవాణ్ణి. కుడివైపు ఎర్ర ఇంకుతో రాసింది: "52లో నేను నమ్మిన రూలే తప్పు. రాజు బంటుకి ఎదురుగా ఉంటే డ్రా అని కాదు. వంతు ఎవరిది, రాజులు ఎదురెదురుగా ఎప్పుడు నిలబడతాయి అని లెక్కపెట్టాలి. తెలిసిన చోట నాలుగు నిమిషాలు, తెలియని చోట ఐదు సెకన్లు." మార్చుకోవడం సరైన ఎత్తే, మార్చుకోవడానికి నేను చెప్పుకున్న కారణం తప్పు. ఇలాంటిది దొరికినప్పుడు ఓడిపోయిన గేమ్ కంటే ఎక్కువసేపు దాని ముందు కూర్చోండి.

పావులు మార్చుకుని రాజు, బంట్ల ఎండింగ్‌లోకి దిగే ముందు చివరిదాకా లెక్కపెట్టకపోతే ఏమవుతుందో 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో ప్రపంచమంతా చూసింది. ప్రపంచ ఛాంపియన్‌షిప్ 14వ గేమ్, స్కోరు సమానం, గుకేశ్‌కి ఒక బంటు ఎక్కువ, అయినా డ్రా అయ్యేలా ఉంది. ప్రత్యర్థి, అప్పటి ఛాంపియన్ డింగ్ లిరెన్ 55వ ఎత్తులో రూక్ ఎఫ్2 ఆడి రూక్‌లు మార్చుకుందామన్నాడు. అతని బిషప్ ఎ8 మూలలో ఉంది. రూక్‌లు పోయాక గుకేశ్ బిషప్‌ని డి5లో పెట్టాడు, మూలనున్న బిషప్‌కి తప్పించుకునే దారి లేదు, అవీ మారాయి, మిగిలిన రాజు-బంట్ల ఎండింగ్ ఓటమి. 58 ఎత్తులకి గేమ్ ముగిసింది, మన తెలుగింటి కుర్రాడు, చెన్నైవాడు, ఛాంపియన్ అయ్యాడు. నాకు ఎక్కువ నచ్చింది తర్వాత విలేకరుల దగ్గర అతను చెప్పిన సంగతి: రూక్ ఎఫ్2 చూడగానే తనకీ వెంటనే తట్టలేదట, రూక్ బి3 ఆడేయబోయాడట, అప్పుడు బిషప్ చిక్కుకుందని కనబడిందట. ఎత్తుల పట్టికలో ఆ రూక్ బి3 ఎక్కడా లేదు. ఆడని ఎత్తు కాబట్టి అతను చెప్తేనే మనకి తెలిసింది. మీ నీలం కాలమ్‌లో ఉండాల్సిన సరుకు సరిగ్గా ఇదే: ఆడబోయి ఆగినవి.

ఇప్పుడు ఇంజిన్

మీ రెండు కాలమ్‌లూ నిండాక, మర్నాడైనా సరే, అప్పుడు తెరవండి. మూడో రంగు పెన్సిల్ పెట్టుకోండి. చూడాల్సింది రెండే. మీరు "బాగుంది" అని రాసిన చోట అది వద్దంటోందా, మీరు "భయం" అని రాసిన చోట అది ఏమీ లేదంటోందా. మిగతా అరపాయింటు తేడాలు మన స్థాయికి అనవసరం, నిజంగా అనవసరం. రాజులతో కలిపి ఏడు పావులు లేదా అంతకంటే తక్కువ మిగిలిన ఎండింగ్ అయితే ఇంజిన్ కంటే టేబుల్‌బేస్ మేలు. లీచెస్ విశ్లేషణలోనే ఉంటుంది, ప్రతి ఎత్తుకీ గెలుపు, డ్రా, ఓటమి అని ఊహ లేకుండా చెప్పేస్తుంది. నా 54వ ఎత్తు పక్కన అది చూపించిన నాలుగు ఓటములూ చూసి, చేత్తో కట్టిన లెక్క సరిపోయిందని నాకు కలిగిన ఆనందం డ్రా వల్ల కూడా కలగలేదు.

పదిహేను గేమ్‌లు ఇలా రాయాలంటే రెండు మూడు నెలలు పడుతుంది, ఒక్కో గేమ్‌కి గంటన్నర. బ్లిట్జ్ (కొన్ని నిమిషాల్లో ముగిసే) గేమ్‌లకి ఈ పని పెట్టుకోకండి, అందులో ఆలోచనలు ఉండవు, అలవాట్లే ఉంటాయి. గెలిచిన గేమ్‌లు కూడా రాయండి, వాటిలో దాక్కున్న తప్పుడు ఆలోచనల్ని ఎవరూ వెతకరు.

చివరగా, రాసింది ఇంకొకరికి చూపించండి. ఒకప్పటి ప్రపంచ ఛాంపియన్ బోట్విన్నిక్ తన విశ్లేషణల్ని పత్రికల్లో అచ్చు వేయించేవాడు, చదివినవాళ్లు తప్పులు పడతారన్న భయమే మనల్ని జాగ్రత్తగా రాయిస్తుందని అతని ఉద్దేశం. మనకి పత్రిక అక్కర్లేదు, ఆఫీసులో చెస్ ఆడే స్నేహితుడు చాలు. నేను ఈ గేమ్ పేజీలు ఫొటో తీసి మావాడికి పంపాను. 53వ ఎత్తు దగ్గర ఎర్ర ఇంకుతో "రాజు ఇ3 ఒక్కటే" అని రాసి ఉంది. రాత్రి పదకొండింటికి వాడి మెసేజ్: "డి3 కూడా డ్రాయే కదరా, వాడు డి5కి వస్తే అప్పుడు నువ్వు ఇ3." లేచి లైటు వేసి బోర్డు పెట్టి చూశాను. నిజమే. "ఒక్కటే" అన్నచోట పెన్సిల్‌తో అడ్డగీత కొట్టి, పక్కన "54లో ఒక్కటే, 53లో ఒక్కటే కాదు" అని రాసి పడుకున్నాను.